రాలిన గంజాయి గింజ బతుకుతుందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కలుపు మొక్కల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గంజాయి గురించినవే ఎక్కువ. పెంపకం గురించి అడిగినవాటిని పక్కన పెట్టేశాం. అది నేరం, ఈ పేజీలో దానికి చోటు లేదు. తనంతట తాను మొలిచిన మొక్కను ఏం చేయాలి, రాలిన గింజ ఎన్నాళ్లు బతుకుతుంది, అడవికి పాకుతుందా అన్నవి మాత్రం అందరికీ తెలియాల్సిన సంగతులు. జవాబులు వాటికే.

పావురాలకు, చిలుకలకు వేసే కలగలుపు గింజలు పెరట్లో చల్లుతుంటాం. వానలు మొదలయ్యాక అక్కడ గంజాయి ఆకుల్లాంటి ఆకులతో ఒక మొక్క లేచింది. ఇప్పుడు మోకాలెత్తు ఉంది. ఇది గింజలు రాల్చి పెరడంతా పాకుతుందా? మా మీద కేసు పెడతారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

ముందు అది గంజాయేనని తేల్చుకోండి. ఎలాగో తర్వాతి జవాబులో ఉంది. పోలికలు చూసి భయపడి, పాపం గోగు మొక్కను పీకేసినవాళ్లున్నారు.

గంజాయే అయితే అది పిట్టల మేతలోంచే వచ్చి ఉంటుంది. ఈ గింజలో నూనె ఎక్కువ, పిట్టలు ఇష్టంగా తింటాయి. అమెరికాలో 1937లో గంజాయి మీద పన్ను చట్టం తెచ్చినప్పుడు పిట్టల మేత వ్యాపారులు అభ్యంతరం చెప్పారు. దాంతో మొలకెత్తకుండా చేసిన గింజకు చట్టంలో మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర దొరికే మేతలో కొర్రలు, వరిగలు, పొద్దుతిరుగుడు గింజలే ఎక్కువ. ఎప్పుడైనా బయటి నుంచి వచ్చిన కలగలుపులో ఈ గింజ ఉండి, దాన్ని వేడి చేయకపోయి ఉంటే, తడి తగిలిన నాలుగైదు రోజుల్లో మొలకెత్తుతుంది.

పాకుతుందా అంటే, ఒంటరి మొక్క పాకదు. బొప్పాయిలాగే గంజాయిలోనూ మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు కొమ్మల చివర చిన్న చిన్న గుత్తులు వేలాడతాయి. లేత పసుపాకుపచ్చ రంగులో అయిదు రేకులుంటాయి, తడితే పొడి రాలుతుంది. పుప్పొడి రాల్చేశాక ఆ మొక్క ఎండిపోతుంది. ఆడ మొక్కకు ఆకు కాండాన్ని కలిసే చోట తెల్లని దారప్పోగుల్లాంటివి రెండేసి బయటికి వస్తాయి. దగ్గరలో మగ మొక్క లేకపోతే దానికి గింజ కట్టదు. నీళ్లు చాలకో, దెబ్బ తగిలో ఆడ మొక్క మీదే కొన్ని మగ పూలు పూసి నాలుగు గింజలు కట్టడం ఒక్కోసారి జరుగుతుంది. అందుకే ఏమీ కాదులే అని వదిలేయకండి.

ఏం చేయాలంటే, మొక్క నాలుగైదు ఆకుల దశలో ఉంటే పీకి పెంటలో కప్పేస్తే సరి. మీ మొక్కలాగా ఎదిగిపోయినదైతే ముందు ఫోటో తీసి, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో ఎక్సైజ్ కార్యాలయానికో చెప్పండి. వాళ్లు రమ్మంటే వాళ్ల ఎదుట, మీరే తీసేయండి అంటే ఇద్దరు ఇరుగుపొరుగు ఎదుట తీయండి. ముందురోజు సాయంత్రం మొదట్లో నీళ్లు పోసి ఉంచితే తల్లివేరు మొత్తం ఊడి వస్తుంది. వేరు కాస్త తెగి నేలలో ఉండిపోయినా మళ్లీ చిగురించదు. కొడవలితో జానెడు పైకి కోస్తేనే తంటా. కింద మిగిలిన కణుపుల నుంచి పక్క కొమ్మలు వచ్చి గుబురుగా తయారవుతుంది. పీకిన మొక్కను ఎండబెట్టడం, ఇంట్లో దాచడం వద్దు.

చట్టం సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 8వ సెక్షన్ గంజాయి మొక్క సాగును నిషేధిస్తుంది. 20వ సెక్షన్ కింద సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శిక్ష సాగు చేసినందుకు. దానంతటదే మొలవడం సాగు కాదు. కానీ మొక్క ఏమిటో తెలిశాక కూడా నీళ్లు పోసి కాపాడితే, మాకేం తెలియదన్న మాట నిలవదు. మీరు ఉత్తరం రాసి మాకు చెప్పారు కదా, అదే మాట ఈరోజే స్టేషన్‌లో చెప్పండి.

ఇకమీదట మేత నేల మీద చల్లకుండా పళ్లెంలో పెట్టండి. అనుమానం ఉన్న మేతను మూకుడులో దోరగా వేయించి చల్లార్చి వేయండి. వేగిన గింజ మొలవదు, పిట్టలు మాత్రం తింటాయి.

గంజాయి మొక్కను కచ్చితంగా గుర్తుపట్టడం ఎలా? ఊళ్లో గోగు తోటను చూసి కొత్తగా వచ్చినవాళ్లెవరో ఫిర్యాదు చేస్తే గొడవైంది.
— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

మీ ప్రాంతంలో ఈ పొరపాటుకు కారణం ఉంది. గోగు జాతుల్లో ఒకదాని శాస్త్రీయ నామమే హైబిస్కస్ కెనబైనస్, అంటే గంజాయిని పోలిన మందారజాతి మొక్క అని. దూరం నుంచి ఆకు చూస్తే ఎవరైనా తడబడతారు.

దగ్గరికి వెళ్లి ఒక ఆకు తిప్పి చూడండి. గంజాయి ఆకు విడివిడి రెక్కలతో ఉంటుంది. 3, 5, 7, 9 ఇలా బేసి సంఖ్యలో ఉన్న ఆ రెక్కలన్నీ కాడ చివర ఒకే చోట కలుస్తాయి. ప్రతి రెక్క అంచూ రంపపు పళ్లలా ఉంటుంది. ఆకు పైభాగం మీద వేలు వెనక్కి లాగితే గరుకుగా తగులుతుంది. గోగు ఆకు ఎంత లోతుగా చీలినా అడుగున ఒకే ఆకుగా అతికి ఉంటుంది, నమిలితే పులుపు. కాండం మీద సన్నని ముళ్లుంటాయి. పూస్తే ఇక సందేహమే ఉండదు. గోగు పువ్వు పెద్దది, లేత పసుపు రేకుల మధ్య ముదురు ఎరుపు. గంజాయికి అలా రంగు పువ్వు పూయదు.

కర్రపెండలం ఆకు తుంచితే పాలు వస్తాయి, అంచుకు పళ్లుండవు. వావిలి పొద, దాని ఆకు అడుగు బూడిద తెలుపు. వామింటకు సన్నని పొడుగు కాయలుంటాయి.

మొలక దశలో గుర్తుపట్టడం ఇంకా ముఖ్యం, పీకడానికి అదే అదను గనక. మొదట రెండు నున్నని బీజదళాలు. వాటి పైన ఎదురెదురుగా రెండు ఆకులు, ఒక్కొక్కటీ ఒకే రెక్కతో, అంచున పళ్లతో. ఆ పై జత మూడేసి రెక్కలతో, తర్వాతి జత అయిదేసి రెక్కలతో వస్తాయి. రెండో జత విచ్చుకునేసరికి మొక్క బెత్తెడు కూడా ఉండదు, కానీ అప్పటికే తేల్చి చెప్పొచ్చు.

గంజాయి గింజను ఎక్కడ పారేసినా మొలిచి కలుపులా పాకుతుందని ఒకరంటారు. సాగు చేసిన గింజ అడవిలో బతకదని ఇంకొకరంటారు. ఏది నిజం?
— వృక్షశాస్త్ర విద్యార్థిని, శ్రీకాకుళం

అమ్మా, రెండూ నిజమే. ఏ గింజ, ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదట గింజ. పైకి మనం గింజ అంటున్నది నిజానికి ఒకే విత్తనమున్న ఎండు కాయ. పొద్దుతిరుగుడు గింజలాంటిదే. అరచేతిలో వేసుకుని చూస్తే కొత్తిమీర విత్తనమంత ఉంటుంది, కొంచెం నొక్కినట్టున్న కోడిగుడ్డు ఆకారం. మీద బూడిద గోధుమ రంగులో పాలరాతి మీది చారల్లాంటి మచ్చలు. ఆ మచ్చలు పెంకువి కావు, పెంకుకు అంటుకుని ఉన్న పలచని పొరవి. సాగు రకం గింజను బొటనవేలితో రుద్దితే ఆ పొర తేలిగ్గా లేచిపోయి కింద నున్నని పెంకు కనిపిస్తుంది. అడవి రకంలో ఊడి రాదు. మట్టి మీద పడ్డ గింజ మచ్చల వల్ల మట్టిలో కలిసిపోయి కనిపిస్తుంది, పిట్టకూ ఎలుకకూ దొరకదు. పొర ఊడిన గింజ తళతళలాడుతూ దొరికిపోతుంది.

పరిమాణంలోనూ తేడా ఉంది. వృక్షశాస్త్రవేత్తలు ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ 1976లో ఈ మొక్కను వర్గీకరించినప్పుడు 3.8 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టారు. అంతకన్నా పొట్టి గింజ ఉన్నది అడవి రూపం, పెద్దది సాగు రూపం. మనిషి వేల ఏళ్లుగా పెద్ద గింజనే ఏరి దాచుకుంటూ వచ్చాడు, గింజ పెద్దదైంది. పెద్ద గింజ ఎలుకకూ ఇష్టమే.

ఇక అసలైన తేడా రాలడంలో. నువ్వుల చేను గుర్తు తెచ్చుకో. కోత నాలుగు రోజులు ఆలస్యమైతే కాయ పగిలి గింజంతా నేలపాలు. రైతుకు అది నష్టం, నువ్వు మొక్క వైపు నుంచి చూస్తే అదే బతుకుదెరువు. అడవి గంజాయి గింజ అడుగున, పండు తొడిమ దగ్గర ఉన్నట్టు, తెగిపోయే కణాల పొర ఒకటి ఏర్పడుతుంది. పండీ పండగానే చిన్న గాలికి గింజ ఊడి నేలకు చేరుతుంది. సాగు రకంలో ఆ పొర సరిగా ఏర్పడదు. గింజ మొక్కనే పట్టుకుని ఉంటుంది. రైతు కోసి నూర్చుకోవడానికి అది వీలు. కోసేవాడు లేకపోతే గింజ మొక్క మీదే పిట్టల పాలవుతుంది, లేదా వానకు బూజు పడుతుంది.

మూడోది నిద్రావస్థ. సాగు గింజ తడి తగిలితే చాలు, అంతా ఒక్కసారే మొలుస్తుంది. పొలంలో అది సుగుణం, అడవిలో ప్రాణాంతకం. ఒక అకాల వాన కురిసి, తర్వాత పదిహేను రోజులు ఎండ కాస్తే మొత్తం మాడిపోతుంది, నేలలో మిగులు ఉండదు. అడవి గింజలు ఒకేసారి లేవవు. కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, ఇంకొన్ని ఆ తర్వాత మొలుస్తాయి. ఒక ఏడాది పంట మొత్తం పోయినా నేలలో గింజ మిగిలే ఉంటుంది.

నిలవ ఉండడం గురించి కూడా చెప్పాలి. ఈ గింజ బరువులో దాదాపు మూడో వంతు నూనె. నూనె గింజలు వేడికీ తేమకీ త్వరగా మొలక శక్తి కోల్పోతాయి. సోయా రైతులు విత్తే ముందు మొలక శాతం చూసుకోవడం అందుకే. కోస్తా ఉక్కపోతలో బయట పడి ఉన్న సాగు గింజ ఒకటి రెండేళ్లకు మించి బతికితే అది వింతే.

ఇన్ని అవలక్షణాలున్నా సాగు గింజ కలుపుగా మారిన చోట్లు ఉన్నాయి, కింద అమెరికాలోని ఒమాహా నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబులో అదే చెప్పాం. మొదట పడ్డ వేల గింజల్లో కొంచెం చిన్నవి, కొంచెం తొందరగా రాలేవి, కొంచెం ఆలస్యంగా మొలిచేవి మిగులుతాయి. వాటి సంతానంలోనూ అలాంటివే మిగులుతాయి. కొన్ని పదుల తరాల్లో మొక్క మళ్లీ అడవి లక్షణాలు తెచ్చుకుంటుంది. మొక్క సాగు నుంచి తప్పించుకోవడం అంటే ఇదే, ఒక గింజ చేసే పని కాదు, వేల గింజల మీద జరిగే ఎంపిక.

ఎక్కడ పడింది అన్నది మిగిలింది. ఈ మొక్కకు తవ్వి కదిలించిన మట్టి కావాలి, పశువుల పెంటలాంటి నత్రజని కావాలి, వేళ్లకు తేమ, నెత్తిన పూర్తి ఎండ కావాలి. వీటిలో ఏది తగ్గినా గిడసబారుతుంది. హిమాలయ పాదాల్లో కశ్మీరు నుంచి అస్సాం దాకా ఇళ్ల వెనక, కొట్టాల పక్కన, వాగుల ఒడ్డున, రోడ్డు తవ్విపోసిన మట్టి మీద గుంపులుగా కనిపించేది ఇందుకే. మనిషి, పశువు మసిలిన చోటికే వస్తుంది. 1893–94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘం తన నివేదికలో ఈ స్వయంగా పెరిగే మొక్క వ్యాప్తికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. ఉత్తరాఖండ్‌లో ఆ గింజలతో పచ్చడి నూరుకుంటారు, కాండం నారతో తాళ్లు పేనుకుంటారు.

రష్యా వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరు నీ పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. 1920ల్లో ఆయన రష్యాలో అడవి గంజాయిని పరిశీలిస్తూ ఒక చక్కని విషయం రాశాడు. అడవి గింజ అడుగున కొవ్వున్న చిన్న మొన ఉంటుంది, దానికోసం ఒక రకం ఎర్ర పురుగులు (మన పత్తి కాయల మీద గుంపులుగా పాకే ఎర్ర పురుగులకు దగ్గరి చుట్టాలు) గింజను మోసుకుపోతాయి. మొన తినేసి గింజను వదిలేస్తాయి. ఆముదం గింజ ముక్కును చీమలు తినడం చూసే ఉంటావు, అలాంటిదే.

ఎవరైనా గంజాయి గింజలు నల్లమలలో చల్లితే వయ్యారిభామలా అడవంతా కమ్మేస్తుందా?
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

కమ్మేయదు. వయ్యారిభామతో పోల్చి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

వయ్యారిభామ 1950ల్లో పూణె పరిసరాల్లో కంటబడింది, దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. అప్పటి నుంచి దేశమంతా పాకింది. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది. పగలు ఎంత పొడుగన్న పట్టింపు లేదు, తేమ ఉంటే ఏడాదిలో ఎన్ని తరాలైనా లాగుతుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి పొడిలా తేలికగా గాలికీ నీటికీ లారీ టైరుకూ అంటుకుని పోతాయి. పశువులు దాన్ని ముట్టవు.

గంజాయి ఏడాదికి ఒక్క తరమే. జంట కావాలి. పైగా అది పగటి పొడుగును చూసి పూసే మొక్క. శ్రీనగర్‌లో జూన్‌లో పగలు 14 గంటలు దాటుతుంది, నల్లమలలో 13 గంటల దగ్గరే ఆగుతుంది. చలికాలంలో మనకు 11 గంటలకు వస్తుంది. ఉత్తరాది గింజ ఇక్కడ వానాకాలం చివర మొలిస్తే, ఎదగకముందే పూతకు వచ్చి జానెడు మొక్కకే నాలుగు గింజలు కట్టి ఎండిపోతుంది. అదను చూసి జూన్‌లో మొలిచినదానికి అడవిలో నీడ, గడ్డి పోటీ, మేకలు ఉండనే ఉన్నాయి. గింజ బరువు వల్ల తల్లి మొక్క కిందే పడుతుంది. పుప్పొడి కథ వేరు. మొరాకో నుంచి లేచిన గంజాయి పుప్పొడి సముద్రం దాటి దక్షిణ స్పెయిన్‌లోని పరికరాల్లో దొరికింది. గింజకు అలాంటి రెక్కల్లేవు.

అడవిని నిజంగా మింగుతున్నది లాంటానా అనే పొద. కండ ఉన్న పండు, పిట్ట పొట్టలోంచి చెక్కుచెదరకుండా బయటపడే గింజ, నీడను కొంత ఓర్చుకునే గుణం, ఏళ్ల తరబడి బతికే మొదలు, ఇవన్నీ దానికున్నాయి. మీ ఆందోళనను అటు మళ్లించమని మా మనవి.

పిట్టల రెట్టల ద్వారా గంజాయి వ్యాపిస్తుందా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

చాలా అరుదు. పావురాలు, గువ్వలు మింగిన గింజ కందనకాయలో రాళ్ల మధ్య పిండైపోతుంది. పిచ్చుకలు, చిలుకలు ముక్కుతోనే పెంకు ఒలిచేస్తాయి. తినేటప్పుడు చెదిరి పడేవి మాత్రం మొలవొచ్చు. గింజను దూరం మోసేది ఎక్కువగా వరద నీరు, డెక్కల బురద, టైర్ల బురద, అన్నిటికన్నా ఎక్కువ మనిషే.

మా కొండల్లో గంజాయి తోటలు నరికి తగలబెట్టారు. ఆ భూమిలో రాగులు, పసుపు వేసుకున్నాం. తొలకరికి అక్కడక్కడ మళ్లీ మొలకలు వస్తున్నాయి. ఎవరో మళ్లీ వేశారని మా మీద అనుమానం వస్తుందని భయంగా ఉంది. ఎందుకు వస్తున్నాయి? ఎలా పూర్తిగా పోగొట్టాలి?
— ఒక రైతు, చింతపల్లి ప్రాంతం, అల్లూరి సీతారామరాజు జిల్లా

అయ్యా, మీ భయం మాకు అర్థమైంది. ఈ జవాబు మీ పక్క ఊళ్లవాళ్లకు కూడా చదివి వినిపించండి.

2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో అప్పటి విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు కొట్టేశారు. కొట్టేసిన కాలం చూడండి. అప్పటికి మొక్కలు పూతలోనో, గింజ పట్టిన దశలోనో ఉంటాయి. మత్తుకోసం వేసే తోటలో మగ మొక్కల్ని ముందే తీసేస్తారు, కాబట్టి గింజ తక్కువే. కానీ తప్పిపోయిన నాలుగు మగ మొక్కలు చాలు, గాలికి తోటంతా పుప్పొడి పడుతుంది. ఒక బలమైన ఆడ మొక్కకు గింజలు వేలల్లో కడతాయి. నరికి, ఈడ్చి, కుప్ప వేసేటప్పుడు అవి దారి పొడుగునా రాలుతాయి. మంట పైపైనే. రెండు వేళ్ల లోతు మట్టి కింద ఉన్న గింజకు వేడి తగలదు. కుప్ప తగలబెట్టిన చోట గింజ చచ్చి ఉంటుంది, కుప్పకు ఈడ్చుకొచ్చిన దారిలో బతికి ఉంటుంది. మీ చేలో మొలకలు వరుసగా, దారి వెంట వస్తున్నాయేమో గమనించండి.

రాలిన గింజల్లో ఎక్కువ భాగం మొదటి ఏడే మొలవడమో, పురుగు తినడమో, కుళ్లడమో జరుగుతుంది. మిగిలినవి రెండో ఏడు, మూడో ఏడు తల ఎత్తుతాయి. మీకు ఇప్పుడు కనిపిస్తున్నవి ఆ మిగులే కావచ్చు.

పోగొట్టే పద్ధతి ఇది. తొలి వాన పడ్డాక వెంటనే విత్తకండి. పది పదిహేను రోజులు ఆగి, నేలలో ఉన్నదాన్ని మొలవనివ్వండి. మొలకలు బెత్తెడు కాకముందే గుంటకతో పైపైన, రెండంగుళాలు మించకుండా తిప్పండి. నాగలితో లోతుగా దున్నితే మీద ఉన్న గింజ కిందికి పోయి చల్లగా దాక్కుంటుంది, పై ఏడు దుక్కికి మళ్లీ పైకి వస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. వీలుంటే మరో వాన తర్వాత ఇంకోసారి గుంటక తిప్పి, అప్పుడు పంట వేయండి.

పంట ఒత్తుగా ఉండాలి. నేలను ఆకు కప్పేస్తే ఈ మొక్క లేవలేదు, ఎండ లేకపోతే పీలగా సాగి పడిపోతుంది. రాగి చల్లకం కన్నా నారు పోసి నాటితే మేలు, కలుపుకు ముందే పంట ఎత్తు అందుకుంటుంది. పసుపు మడుల మీద ఆకుల కప్పు మందంగా వేయండి.

తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చేలో, గట్టు మీద, పశువుల పాక చుట్టూ, పెంటకుప్ప దగ్గర, వాగు ఒడ్డున తిరిగి పీకండి. చేను శుభ్రంగా ఉండి పెంటకుప్ప దగ్గర రెండు మొక్కలు మిగిలితే చాలు, కథ మొదటికొస్తుంది. ఆగస్టు దాటనివ్వకండి, సెప్టెంబరు నుంచి పూత మొదలవుతుంది. గింజ పట్టిన మొక్క కనబడితే దాన్ని ఈడ్చకండి. అక్కడే మొక్క మీద గోనెసంచి తొడిగి, మూతి బిగించి, అప్పుడు పీకండి. ఆ సంచిని మీరు ఇంటికి తీసుకెళ్లొద్దు. అధికారులకు చెప్పి వాళ్లకే అప్పగించండి.

ఒక్క గింజ కూడా రాలకుండా వరుసగా మూడు వానాకాలాలు గడిస్తే నేల దాదాపు శుభ్రపడినట్టే. దీనికి రసాయనం అక్కర్లేదు. చెయ్యి చాలు.

అనుమానం సంగతి. మొలకలు కనబడగానే సచివాలయంలో, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఫలానా సర్వే నంబరులో పాత తోట గింజలు మొలుస్తున్నాయి, పీకేస్తున్నాం అని తేదీతో రాస్తే చాలు. ఎన్‌డీపీఎస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం తన భూమిలో అక్రమ సాగు జరిగితే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత భూమి ఉన్నవాడిదే, తెలిసి చెప్పకపోవడం నేరం. జాతీయ స్థాయిలో 1933 నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. పీకేటప్పుడు వార్డు సభ్యుణ్ని పక్కన పెట్టుకుని ఫోటో తీయించుకోండి. పొలంలో తనంతట తాను లేచిన పది మొలకలకూ, సాలు పట్టి నాటిన తోటకూ తేడా చూడగానే తెలుస్తుంది. ఆ తేడా మీరు ముందుగా కాగితం మీద పెట్టుకుంటే మీకే మంచిది.

ఒమాహా దగ్గర రోడ్డు పక్క కాలువల్లో, రైలు పట్టాల వెంట గంజాయి మొక్కలు గుంపులుగా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోరు. ఇవి ఎక్కడివి? పీకి చూడొచ్చా?
— ఒక విద్యార్థి, నెబ్రాస్కా, అమెరికా

అవి రెండో ప్రపంచయుద్ధం మిగిల్చిన మొక్కలు, కొన్ని అంతకన్నా పాతవి. జపాన్ ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించాక మనీలా నార రావడం ఆగిపోయింది. ఓడలకు తాళ్లు కావాలి. అమెరికా ప్రభుత్వం 1942 నుంచి నార కోసం ఈ పంట వేయమని రైతుల్ని ప్రోత్సహించింది. 1943లో దాదాపు 1.46 లక్షల ఎకరాల్లో కోశారు. అయోవా, ఇల్లినాయ్, ఇండియానా, మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో నార మిల్లులు కట్టారు. యుద్ధం ముగిశాక పంట ఆగింది, గింజ ఆగలేదు.

అక్కడ ఎందుకు నిలదొక్కుకుందంటే, కావలసినవన్నీ దొరికాయి. వేసవిలో పొడుగాటి పగళ్లు, నది వరద తెచ్చే నల్ల ఒండ్రు, మొక్కజొన్న పొలాల నుంచి కాలువల్లోకి కారే నత్రజని ఎరువు. పడ్డ గింజ కూడా ఒకటి రెండు కాదు, లక్షల ఎకరాల పంట నుంచి ఏళ్ల తరబడి రాలిన రాశి. వరద వచ్చినప్పుడల్లా గింజ నీటి మీద తేలి దిగువకు పోయింది. వాళ్లు దీన్ని కాలువ కలుపు అంటారు. ప్రభుత్వం దశాబ్దాలుగా పీకిస్తున్నా పోలేదు. కొన్ని సంవత్సరాల లెక్కల్లో అధికారులు నాశనం చేసిన మొక్కల్లో నూటికి 98 దాకా ఇవే. నార రకం సంతానం కాబట్టి మత్తు పదార్థం చాలా తక్కువ.

బాబూ, పీకొద్దు, తుంచొద్దు. ఆకు ఒకటి కారులో ఉన్నా, ఇది మత్తులేనిదని రోడ్డు మీద నిరూపించలేవు. 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) ఉన్న మొక్కను వేరుగా చూసినా, అది అనుమతితో సాగు చేసేవారికి ఉపయోగపడుతుంది, కాలువలో కోసేవారికి కాదు. వీసా మీద ఉన్నవారికి మాదకద్రవ్యాల కేసు చిన్నదైనా పెద్ద దెబ్బే. దూరం నుంచి చూడు, ఫోటో తీసుకో.

జనుపగంజాయి (హెంప్, అంటే నార, గింజల కోసం పెంచే గంజాయి రకం) గింజలు ఆహారంగా ఆన్‌లైన్‌లో కొన్నాం. కొన్ని పూలకుండీలో పడ్డాయి. మొలుస్తాయా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

తెల్లగా, మెత్తగా, పెంకు తీసిన పప్పు అయితే మొలవదు. వేయించినదీ మొలవదు. పెంకుతో ఉన్న పచ్చి గింజ అయితే మొలవొచ్చు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో ఈ గింజను, దాని నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది, ఎన్‌డీపీఎస్ చట్టంలోని గంజాయి నిర్వచనంలో కూడా పూత లేని విడి గింజ రాదు. కాబట్టి తినడానికి కొనడం తప్పు కాదు. మొలిచిన మొక్కకు మాత్రం ఆ రక్షణ లేదు. ఉత్తరాఖండ్‌లో 2018 నుంచి నార, గింజ కోసం లైసెన్సు మీద సాగుకు అనుమతిస్తున్నారు, మీ పూలకుండీకి అది వర్తించదు. కుండీలో పై రెండంగుళాల మట్టిని చేటలో తీసి, ఏరగలిగిన గింజ ఏరేసి, మిగతా మట్టి మీద మరిగే నీళ్లు పోసి చల్లారాక తిరిగి వేయండి. తర్వాత మూడు వారాలు కుండీని చూస్తూ ఉండండి. అంచున పళ్లున్న ఒంటి రెక్క ఆకులు జతగా లేస్తే వెంటనే గిల్లి పారేయండి.